పలువురి చేతులు, ఒకే రాత: తెలుగు అలంకార ఫాంటును బృందంగా తయారు చేయడం ఎలా

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ శుభలేఖలు అచ్చు వేసే దుకాణానికి వెళ్ళి నమూనాల పుస్తకం తిరగేస్తే, వినాయకుడి బొమ్మలు ఎన్నో రకాలు కనిపిస్తాయి, కాగితాలు ఎన్నో రంగుల్లో కనిపిస్తాయి, తెలుగు అక్షరాలు మాత్రం నాలుగైదు రకాలకు మించి కనిపించవు. ఆ కొరత తీర్చాలన్న కోరిక ఉన్నవారు మన జిల్లాల్లో తక్కువేమీ లేరు. అయితే బొమ్మలు వేసే చెయ్యి ఉన్నవారికి కంప్యూటరు రాదు, కంప్యూటరు వచ్చినవారికి వత్తుల లెక్క పట్టుబడదు, ఆ లెక్క తెలిసిన తెలుగు పంతుళ్ళకు కుంచె పట్టే అలవాటు ఉండదు. అందువల్లనే తెలుగు అలంకార ఫాంటు చాలాసార్లు ఒక్కరు మొదలుపెట్టి సగంలో వదిలేసే పనిగా మిగిలిపోతోంది. ఐదారుగురు కలిస్తే అదే పని ఏడాదిలో పూర్తవుతుంది, కానీ ఆ కలవడానికి ఒక పద్ధతి కావాలి.

నేను ఇక్కడ చెప్పేదంతా మేము ఆరుగురం కలిసి ముగ్గుల మెలికలతో ఒక ఫాంటు చేసినప్పుడు నేర్చుకున్నది. మాలో ఒకరు స్టోన్‌హౌస్‌పేటలో నలభై ఏళ్ళుగా సైను బోర్డులు రాస్తున్న పెయింటరు, ఒకరు ఉద్యోగ విరమణ చేసిన డ్రాయింగు మాస్టారు, ఒకరు కోవూరు పక్క పల్లెలో సంక్రాంతి నెల పట్టగానే ఊరందరూ వాకిట్లోకి పిలిచే పెద్దమ్మ, ఒకరు డీటీపీ ఆపరేటరు, ఒకరు ఇంజినీరింగు చదువుతున్న కుర్రవాడు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిని. మొదటి ఆరు నెలల పని మొత్తం పారేయవలసి వచ్చింది. వర్ణమాలను ఆరు ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచుకోవడమే దానికి కారణం. క వర్గం ఒకరు, చ వర్గం ఒకరు గీసుకొచ్చి పక్కపక్కన పెట్టి చూస్తే, ‘గజం’ అనే రెండక్షరాల మాటలో గ ఒక ఊరిదిగా, జ ఇంకో ఊరిదిగా కనిపించింది. ఆ తరువాత అక్షరాలను కాక అక్షరాల్లోని భాగాలను పంచుకున్నాం. ఈ ఒక్క మార్పుతోనే పని దారిలో పడింది కనుక, కింద చెప్పే మెట్లన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు ఒక కాగితం రాసుకోండి

అందరూ మొదటిసారి కూర్చున్న రోజే, ఈ ఫాంటు దేనికోసం అన్నది ఒక పేజీ మించకుండా రాసి అందరూ సంతకం పెట్టండి. అలంకార అక్షరం పెద్ద సైజులో కనపడటానికి పుట్టినది. పేరాలు పేరాలు చదివించడానికి అది పనికిరాదు. అందువల్ల ‘శుభలేఖ మీద శీర్షిక, వధూవరుల పేర్లు, గుడి తోరణం, దుకాణం బోర్డు’ అని వాడుకను కచ్చితంగా తేల్చుకుని, 24 పాయింట్లకు తక్కువలో వాడకూడదు అన్నంత స్పష్టంగా కింది హద్దు కూడా రాసుకోవాలి. చీమకుర్తి గ్రానైటు పలక మీద శంకుస్థాపన అక్షరాలు చెక్కించాలనే ఉద్దేశం కూడా ఉంటే ఆ సంగతి ఇప్పుడే తేలాలి, ఎందుకంటే కాగితం మీద అందంగా నిలిచే వెంట్రుకవాసి గీత రాతిలో నిలవదు.

అదే కాగితం మీద మరో రెండు సంగతులు ఉండాలి. మొదటిది, ఏకాభిప్రాయం కుదరనప్పుడు చివరి మాట ఎవరిది అన్నది. మేము దానిని పెయింటరు అన్నకు ఇచ్చాం, ఆయన నిర్ణయం నచ్చని రోజున కూడా పాటించాం. రెండవది, ఫాంటు పూర్తయ్యాక దానిని ఏ లైసెన్సు కింద ఇస్తాం, ఎవరెవరి పేర్లు ఎక్కడ ఉంటాయి అన్నది. ఇది ఆఖరున మాట్లాడుకునే విషయం అనుకుంటే స్నేహాలు చెడతాయి. దీని వివరం మళ్ళీ చెబుతాను.

2. అలంకారానికి ఒకే మూలాన్ని ఎంచుకోండి

మన ప్రాంతంలో మూలాలకు లోటు లేదు. ఉదయగిరి చెక్క గరిటెల పిడుల మీది చెక్కడం ఉంది, వెంకటగిరి చీర అంచులో హంసలూ మామిడి పిందెలూ ఉన్నాయి, వెలుతురు దూరడానికి సన్నగా రంధ్రాలు పొడిచిన తోలుబొమ్మల నగలు ఉన్నాయి, వాకిట ముగ్గు ఉండనే ఉంది. వీటిలో రెండింటిని కలిపితే ఇంకా గొప్పగా ఉంటుందని బృందంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. మామిడి పిందెలూ మెలికలూ ఒకే అక్షరంలో చేరితే కన్ను ఎక్కడా నిలవదు.

పాత శాసనాల వైపు మనసు లాగడం సహజమే. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం తొమ్మిదవ శతాబ్దిది, అందులో తరువోజ అనే ఛందస్సులో పద్యం ఉంది. ఆ పేరు వింటేనే ఈ ప్రాంతం వారికి ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ కాలపు లిపిని నేటి పాఠకుడు చదవలేడు కనుక అక్షరాల ఆకారం కోసం దానిని ఆశ్రయించలేం. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. అవి చరిత్ర తెలుసుకోవడానికి ఎంతో విలువైనవి, అక్షరశిల్పం నేర్చుకోవడానికి మాత్రం గుడి గోడ దగ్గరకే వెళ్ళి రాతిని చూడాలి.

మేము మెలికల ముగ్గును ఎంచుకున్నాం. పెద్దమ్మ 15 చుక్కలు పెట్టి, 8 వచ్చే వరకు సందు చుక్కలు దించి, ఆ చుక్కలలో ఒక్కదాన్నీ తాకకుండా వాటి చుట్టూ గీతను తిప్పుతూ బయలుదేరిన చోటికే తెచ్చి కలుపుతుంటే, మేమంతా అరుగు మీద కూర్చుని కాగితాల మీద రాసుకున్నాం. “చుక్కల ఎడం సరిగా ఉంటే గీత దానంతట అదే వస్తుంది నాయనా, గీతను చూసుకుంటూ చుక్కలు పెడితే ముగ్గు పాడవుతుంది” అని ఆమె అన్న మాట మా ఫాంటుకు మొదటి నియమమైంది. మీరు ఏ మూలాన్ని తీసుకున్నా, ఆ పని చేసేవారి పక్కన కనీసం రెండు రోజులు కూర్చోండి. ఫోటోలో ఆకారం కనిపిస్తుంది, చెయ్యి ఏ క్రమంలో కదిలిందో కనిపించదు. వారి పేరును అనుమతితో తొలి రోజు కాగితంలోనే రాయండి. ముగ్గు ఎవరి సొత్తూ కాదు కదా అనే మాట తరచుగా వింటుంటాం. సంప్రదాయం అందరిదీ అయినా, ఆ రెండు రోజులు మీకు నేర్పిన మనిషి శ్రమ ఆ మనిషిదే.

3. పలక మీద అస్థిపంజరం

అలంకారం గురించి ఆలోచించే ముందు, ఏ నగా లేని ఒంటి గీత అక్షరం తేలాలి. దీనికి నేను మార్కాపురం పలకలనే వాడమంటాను. కాగితం మీద గీసిన గీతను గీసినవారు వదులుకోలేరు, దాచుకుంటారు, దాని కోసం వాదిస్తారు. పలక మీద బలపంతో గీసినదాన్ని తడిగుడ్డతో తుడిచేయడానికి ఎవరికీ బాధ ఉండదు. తలా ఒక పలక తీసుకుని ఒకే 12 రూపాలు రాయండి: ర, గ, వ, క, ల, మ, త, య, న, శ, అ, శ్రీ. ర గుండ్రాన్ని తేలుస్తుంది, గ వంపును తేలుస్తుంది, వ రెండు బొడిపెల వెడల్పును తేలుస్తుంది, శ్రీ పైకీ కిందికీ ఎంత చోటు కావాలో చెబుతుంది. ఆరు పలకలూ గోడకు ఆనించి నిలబెట్టి, పది అడుగుల దూరం నుంచి చూసి, ఏ అక్షరం ఎవరిది బాగుందో ఏరుకోండి. ఏరినవాటిని మళ్ళీ అందరూ రాయండి. మూడు నాలుగు విడతలలో ఆరుగురి రాతలూ ఒకదానికొకటి దగ్గర పడతాయి.

అప్పుడు గ్రాఫు కాగితం తీయండి. బోర్డు రాసేవారు దారానికి సుద్ద రాసి ముందుగా లైను కొట్టుకున్నట్టే ఇక్కడ కొలతలు కొట్టుకోవాలి. కంప్యూటరులో అక్షరపు చదరాన్ని 1000 యూనిట్లుగా తీసుకోవడం వాడుక. మా కొలతలు ఇవి: తలకట్టు లేకుండా ర ఎత్తు 500, గీత మందం 90, తలకట్టు ఎత్తు 150, వత్తు ఎత్తు అక్షరం ఎత్తులో మూడింట రెండు వంతుల లోపు. మీ కొలతలు వేరుగా ఉండవచ్చు. ఒకసారి కుదిరాక అందరి దగ్గరా ఒకే కాగితం ఉండాలన్నదే ముఖ్యం. కింద వత్తు మీద వత్తు వచ్చే మాటలకు చాలినంత చోటు వదిలారా అన్నది ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అనే రెండు మాటలు రాసి ఇప్పుడే చూసుకోండి.

4. నగ ఎక్కడ పెట్టకూడదో ముందు తేల్చుకోండి

ఈ మెట్టు మీద ఎక్కువ సేపు నిలబడమని కోరుతున్నాను, ఎందుకంటే తెలుగు లిపిలో చుక్కకూ, కింది గీతకూ, కొసన ఉండే చిన్న మెలికకూ అర్థం ఉంది. మీరు అందం కోసం పెట్టినదాన్ని చదివేవారు అక్షరంలో భాగంగానే చదువుతారు.

లోపలి ఖాళీతో మొదలుపెడదాం. ర కడుపులో ఒక పువ్వు పెడితే అది ఠ అవుతుంది. ధ కడుపులో ముత్యం పెడితే అది థ అవుతుంది. మేము తొలి నమూనాలో గుండ్రటి అక్షరాలన్నింటిలోనూ ముగ్గు చుక్క ఒకటి పెట్టాం, ఎంతో బాగుందనుకున్నాం. ‘వరుడు’ అని రాసి మా ఇంటి పక్క పిల్లవాడికి చూపిస్తే, ఏమాత్రం తడుముకోకుండా ‘వఠుడు’ అని చదివాడు.

ఇక కింది భాగం. ప కింద చిన్న నిలువు గీత దిగితే ఫ, చ కింద దిగితే ఛ, డ కింద దిగితే ఢ, ద కింద దిగితే ధ. లిపిలో మహాప్రాణానికి గుర్తే ఆ నిలువు గీత. అందుచేత అక్షరం అడుగున పూస గానీ జూకా గానీ వేలాడదీస్తే, పద్మ ఫద్మ అవుతుంది, చంద్ర ఛంద్ర అవుతుంది. తోరణానికి గంటలు కట్టినట్టు అక్షరాల కింద గంటలు కట్టాలని ప్రతి బృందంలోనూ ఒకరికి అనిపిస్తుంది. ఆ ఆలోచనను అక్కడే ఆపండి.

గుడి సంగతి ఇంకా సున్నితమైనది. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య తేడా కొసన తిరిగే చిన్న మెలికే. మెలికల ముగ్గు నుంచి వచ్చిన అలంకారంలో ప్రతి కొసకూ మెలిక తిప్పాలనిపించడం సహజం; మేమూ తిప్పాం. మాలో ఒకరి ఇంట్లో పెళ్ళికి ఆ అక్షరాలతో నమూనా శుభలేఖ తీసి చూస్తే, అమ్మాయి పేరు ముందు ‘చి.ల.సౌ.’ ఉండవలసిన చోట మొదటి అక్షరం దీర్ఘంగా నిలబడింది. పెళ్ళి పత్రిక మీద కూతురి పేరుకు ముందు ఆ మాట చూసిన తల్లి ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేదు. అచ్చుకు పోకముందే దొరికింది కనుక సరిపోయింది. ఆ రోజు నుంచి గుడి కొసను నున్నగా వదిలేశాం, మెలికను గుడిదీర్ఘానికే ఉంచాం.

అలాగే వు అనే అక్షరంలో కొమ్ము కింది నుంచి మొదలవుతుంది, పక్క నుంచి మొదలైతే అది మ లాగా కనిపిస్తుంది. అక్షరం పక్కన విడిగా నిలిచే ఏ గుండ్రమైనా సున్నగా చదవబడుతుంది. ఇవన్నీ ఒక జాబితాగా రాసి గోడకు అంటించండి.

నిషేధాలు ఇన్ని ఉంటే నగకు చోటెక్కడ అన్న సందేహం రావచ్చు. మూడు చోట్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒకటి, తలకట్టు కుడి కొస. దానిని విచ్చుకోనివ్వవచ్చు, దీర్ఘంలా సాగకుండా, పక్క అక్షరాన్ని తాకకుండా ఉంటే చాలు. రెండు, గీత మందం లోపలి భాగం. 90 యూనిట్ల మందంలో తెల్లటి మెలిక ఒకటి నడిపించవచ్చు, బయటి ఆకారం చెక్కుచెదరదు. మూడు, దీర్ఘం తోక. మా ఫాంటు అందమంతా ఈ మూడు చోట్ల నుంచే వచ్చింది, చూసినవారెవరూ నగ తక్కువైందని అనలేదు.

5. భాగాలను పంచుకోండి

36 హల్లుల్లో ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ అనే తొమ్మిదింటికి తలకట్టు లేదు. మిగిలిన 27 హల్లులకూ ఉంది. అంటే ఒక్క మంచి తలకట్టు గీస్తే 27 అక్షరాలకు తల కుదిరినట్టే. మా పెయింటరు అన్నకు ఆ ఒక్క పనీ అప్పగించాం. ఆయన పలచటి కుంచెతో ఒకే ఊపులో వేసిన తలకట్లు వందకు పైగా ఉంటాయి. వాటిలోంచి రెండు ఎంచుకున్నాం: ఒకటి అక్షరం ఒంటికి అతికేది, రెండవది ప, ఫ, ష, స వంటి వాటిలో ఒంటికి తగలకుండా విడిగా నిలిచేది.

గుండ్రటి ఒళ్ళు డ్రాయింగు మాస్టారికి ఇచ్చాం. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం వంటి తల మీది గుర్తులు ఒకరికి, కొమ్ములూ వట్రసుడీ ఇంకొకరికి, గీత లోపలి మెలికలన్నీ పెద్దమ్మకు. వత్తులన్నింటినీ తప్పనిసరిగా ఒక్కరికే ఇవ్వండి, అది కూడా ఓపిక ఉన్నవారికి. త, న, మ, య, ర, ల వత్తులు తమ అక్షరాలను పోలవు, వాటిని కొత్తగా గీయవలసిందే. మిగిలినవి చిన్న సైజు అక్షరాలే కదా అని కంప్యూటరులో కుదించేస్తే, 90 ఉండవలసిన మందం 65 శాతానికి తగ్గి 58 దగ్గర ఆగుతుంది, వత్తు జబ్బు మనిషిలా కనిపిస్తుంది. ఆకారాన్ని కుదించినా మందాన్ని 78 నుంచి 80 వరకు ఉంచి మళ్ళీ గీయాలి. లోపలి మెలికల ఎడం కూడా పెద్ద అక్షరంలో ఎంత ఉందో వత్తులోనూ అంతే ఉండాలి. చుక్కల ఎడం గురించి పెద్దమ్మ చెప్పిన నియమం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది; చోటు చిన్నదైతే చుక్కలు తగ్గించాలి తప్ప దగ్గర చేయకూడదు.

భాగాలు వేరువేరు చేతుల నుంచి వస్తాయి కనుక అవి కలిసే అతుకుల దగ్గర జాగ్రత్త అవసరం. తలకట్టు ఒంటి మీద ఎక్కడ కూర్చుంటుంది, అక్కడ గీత మందం ఎంత, ఏ వాలులో దిగుతుంది అన్న మూడు అంకెలను ప్రతి అక్షరానికీ ఒక పట్టికలో రాయండి. వారానికి ఒకసారి కలిసినప్పుడు అతుకులు మాత్రమే చూడండి. అందచందాల చర్చ ఆ గంటలో వద్దు.

6. కాగితం నుంచి కంప్యూటరుకు

పూర్తయిన భాగాలను 600 డీపీఐలో స్కాన్ చేసి, బొమ్మలు గీసే ప్రోగ్రాము ఇంక్‌స్కేప్‌లో తెరవండి, తరువాత ఫాంట్లు తయారు చేసే ప్రోగ్రాము ఫాంట్‌ఫోర్జ్‌లోకి తీసుకెళ్ళండి. రెండూ ఉచితమే, మామూలు కంప్యూటరులోనే పనిచేస్తాయి. గీతలను దానంతట అదే పట్టుకునే సదుపాయాన్ని నమ్ముకోకండి, అది ఒక తలకట్టుకే వందల బిందువులు పెడుతుంది, ఆ తరువాత వాటిని సరిదిద్దడం కొత్తగా గీయడం కంటే కష్టం. వంపు పైకొస, కిందికొస, ఎడమకొస, కుడికొసల మీద ఒక్కొక్క బిందువు చొప్పున చేత్తో పెడితే గీత నున్నగా వస్తుంది, ఫైలు కూడా తేలికగా ఉంటుంది.

తలకట్టును 27 చోట్ల అతికించకుండా, ఒక్కచోట ఉంచి మిగతా అక్షరాలు దానినే వాడుకునేలా ‘రిఫరెన్సు’ పెట్టండి. రేపు తలకట్టు కొసను కొంచెం సవరించాలనిపిస్తే ఒక్కచోట మారిస్తే అన్నింటిలోనూ మారుతుంది. బృందంగా చేసే పనిలో ఈ ఒక్క అలవాటు ఎన్నో సాయంత్రాలను మిగులుస్తుంది.

ఇద్దరు ముగ్గురు ఒకేసారి పనిచేసేటప్పుడు ఫాంటును యూఎఫ్‌ఓ రూపంలో దాచుకోండి. అందులో ప్రతి అక్షరమూ ఒక విడి ఫైలుగా ఉంటుంది కాబట్టి, ఒకరు గ సవరిస్తుండగా ఇంకొకరు మ సవరించినా ఒకరి పని మీద ఇంకొకరి పని పడి చెరిగిపోదు. ఎవరు ఏది ఎప్పుడు మార్చారో దాచిపెట్టే గిట్ ప్రోగ్రాము తెలిసిన కుర్రవాడు ఉంటే ఆ ఫోల్డరును గిట్‌లో పెట్టించండి. లేకపోతే రోజూ సాయంత్రం తేదీ పేరుతో ఒక నకలు తీసి పెన్‌డ్రైవులో ఉంచండి. పేర్లలో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని రాయకుండా తేదీ మాత్రమే రాయండి.

7. అక్షరాలను మాటలుగా కలపడం

‘క్రి’ అని టైపు చేస్తే కంప్యూటరులో క, పొల్లు, ర, గుడి అనే నాలుగు గుర్తులు ఆ వరుసలోనే దాచి ఉంటాయి. పొల్లునూ ర నూ కలిపి ర వత్తుగా మార్చమని చెప్పేది ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలు. ఆ నియమాలను ఏ క్రమంలో అమలు చేయాలో చూసుకునేది హార్ఫ్‌బజ్ వంటి ఇంజను. ఈ నియమాలన్నీ మొదటి నుంచీ మీరే రాయనక్కరలేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, ధూర్జటి, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతాయి. వాటిని ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి నియమాల అమరికను చదవండి. వాటిలో నుంచి నేరుగా ఏదైనా తీసుకుంటే మీ ఫాంటునూ అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

36 హల్లులకు 12 గుణింతపు రూపాలు లెక్కవేస్తే 432 అవుతాయి. అన్నింటినీ విడివిడిగా గీయనక్కరలేదు గానీ, కి, మి, యి, ఘో, హా వంటి చోట్ల గుర్తు అక్షరంలో కలిసిపోయే తీరు వేరుగా ఉంటుంది కనుక వాటిని విడిగా గీసి నియమంతో కలపాలి. మొదటి విడతలోనే చేర్చవలసినవి మరికొన్ని ఉన్నాయి: ఫోను నంబర్ల కోసం 0 నుంచి 9 వరకు అంకెలు, రూపాయి గుర్తు, బిందువు, కామా, కుండలీకరణాలు, ‘ఫాంట్‌లు’ వంటి మాటల్లో వత్తు పడకుండా ఆపే కనిపించని విడదీత గుర్తు, గుడి వంటివి ఒంటరిగా పడినప్పుడు కింద కనిపించే చుక్కల వలయం. ఈ చివరి రెండూ లేకపోతే కొన్ని చోట్ల పెట్టెలు కనిపించవచ్చు, వాడేవారు ఫాంటే చెడిపోయిందనుకుంటారు.

8. పరీక్ష

పరీక్షకు పద్యాలు వద్దు, ఫాంటు ఎక్కడ వాడతారో అక్కడి మాటలే కావాలి. శుభలేఖ మీద వచ్చే ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, ‘జ్యేష్ఠ పుత్రుడు’, ‘శుభముహూర్తం’, ‘ఆశీర్వదించ ప్రార్థన’ అనేవాటిలోనే కష్టమైన వత్తులు సగం వచ్చేస్తాయి. మిగిలిన సగం మన ఊళ్ళ పేర్లలో ఉంది. పెంచలకోన నుంచి వచ్చిన పెంచలయ్య, మాలకొండ నుంచి వచ్చిన మాలకొండయ్య, జొన్నవాడ అమ్మవారి పేరు పెట్టుకున్న కామాక్షమ్మ, మార్కాపురం స్వామి పేరున్న చెన్నకేశవులు, రంగనాయకులు, వెంకటేశ్వర్లు, సుబ్బరత్నమ్మ. ఒక పేరు తప్పుగా పడితే ఆ ఇంటివారు ఫాంటును మళ్ళీ ముట్టుకోరు కనుక, పరిచయస్తుల ఇళ్ళ పాత శుభలేఖలు ఒక యాభై అడిగి తెచ్చుకుని వాటిలోని పేర్లన్నీ టైపు చేసి చూడండి.

లిబ్రాఫీసులోనూ, ఫైర్‌ఫాక్సులోనూ, ఒక పాత ఆండ్రాయిడ్ ఫోనులోనూ చూడాలి. ఫొటోషాప్‌లో వత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తున్నాయంటే వెంటనే ఫాంటును తప్పుపట్టకండి. దాని పాత వెర్షన్లలో టైపు సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజరును పెట్టాలి. మన డీటీపీ కేంద్రాల్లో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) కాని అను ఫాంట్లతోనే పనిచేస్తుంటారు. వారికి ఈ సెట్టింగుల మెట్లను తెలుగులో ఒక పేజీగా రాసి ఫాంటుతో పాటు ఇవ్వండి. మా డీటీపీ ఆపరేటరు రాసిన ఆ ఒక్క పేజీ వల్ల మా ఫాంటు దుకాణాల్లోకి వెళ్ళగలిగింది.

యంత్ర పరీక్ష అయ్యాక మనుషుల పరీక్ష. అచ్చు తీసిన కాగితాన్ని, ఫాంటు గురించి ఏమీ తెలియని పదేళ్ళ పిల్లలకూ డెబ్బై ఏళ్ళ పెద్దలకూ ఇచ్చి పైకి చదివించండి. వారు తడబడిన అక్షరాన్ని రాసుకోండి, ‘అది ఫలానా అక్షరమండీ’ అని వివరించకండి. కొన్న దుకాణదారుడి పక్కన నిలబడి వివరించడానికి మీరు ఉండరు.

9. పేర్లు, డబ్బు, లైసెన్సు

ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 కింద ఇస్తే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అచ్చు వేసి అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్మకూడదు, మార్చినదాన్ని మళ్ళీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. మీ ఫాంటు పేరును ‘రిజర్వుడు’ అని ప్రకటిస్తే, మార్చినవారు అదే పేరుతో విడుదల చేయలేరు. అమ్మాలనుకుంటే వేరే లైసెన్సు పెట్టుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ వాటాలు ఎవరివి ఎంత అన్నది తొలి రోజు కాగితంలో అంకెలతో ఉండాలి.

నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టవలసి వచ్చిన బోర్డు పెయింటర్లు మన పట్టణాల్లో చాలామంది ఉన్నారు. వారి చేతి అందాన్ని ఫాంటులోకి తెచ్చుకుని, వారిని ‘సహకరించినవారు’ అన్న చివరి వరుసలో పెట్టడం అన్యాయం. ఫాంటుతో పాటు ఇచ్చే రచయితల ఫైలులో మేము మొదట పెయింటరు అన్న పేరు, తరువాత పెద్దమ్మ పేరు రాశాం, కంప్యూటరు పని చేసినవారి పేర్లు ఆ తరువాత వచ్చాయి. ఫాంటు ఉచితంగా ఇచ్చినా, గీసిన రోజులకు కూలి మాత్రం అందరం చందా వేసుకుని వారిద్దరికీ ముందే ఇచ్చాం.

10. విడుదల చేశాక

మొదటి విడుదలకు 1.000 అని సంఖ్య ఇవ్వండి, ఆ తరువాత ప్రతి సవరణకూ సంఖ్య పెంచి, ఏమి మారిందో ఫాంట్‌లాగ్ ఫైలులో ఒక వరుస రాయండి. తప్పులు చెప్పడానికి దుకాణాలవారికి ఒకే ఒక ఫోను నంబరు ఇవ్వండి, దానిని ఎత్తే బాధ్యత బృందంలో నెలకొకరు తీసుకోండి. మాకు విడుదలైన రెండవ వారంలో ఒక దుకాణం నుంచి ఫోను వచ్చింది. ‘జ్యోత్స్న’ అన్న పెళ్ళికూతురి పేరులో స వత్తూ న వత్తూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. యాభై పాత శుభలేఖలలో ఆ పేరు ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే వత్తులు గీసిన మనిషి కూర్చుని న వత్తును 60 యూనిట్లు కుడికి జరిపి, కొంచెం కిందికి దించి 1.001 పంపించారు, మర్నాడు పొద్దున పత్రికలు అచ్చుకు వెళ్ళాయి.